దూరానికి విసిరిన గాలం

ఆసుపత్రి లాండ్రీలో ఆమెని అందరూ ఇస్త్రీ అక్క అంటారు. చేసేది చేతి ఇస్త్రీ కాదు. మంచమంత వెడల్పున్న వేడి రోలర్ ఒకటి పొద్దస్తమానం తిరుగుతూ ఉంటుంది. దాని నోటికి తడి దుప్పట్లు అందించాలి. ఇటు కొస అక్క, అటు కొస మరొకామె పట్టుకుని, అంచు సరిచేసి లోపలికి వదలాలి. అంచు వేలెడు వంకరపోయినా దుప్పటి ముడతలుపడి బయటికొస్తుంది. మళ్ళీ తడిపి మళ్ళీ మొదటికి. ఆ గదిలో కుర్చీ లేదు. కూర్చుంటే నిద్రొస్తుందని సూపర్‌వైజర్ సిద్ధాంతం. ఆయనగారు మాత్రం తన గదిలో కుర్చీలో కూర్చునే నిద్రపోతాడు.

అటు కొస పట్టుకునే ఆమెకి రేడియో అని పేరు పెట్టారు. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. అక్క ఈ ఊరికి కొత్త కాబట్టి ఊళ్ళో ఉన్న సంగతులూ లేని సంగతులూ ఆమె ద్వారానే తెలిశాయి. అక్క తన సంగతులు మాత్రం చాలాకాలం చెప్పలేదు. చెప్పడానికి కూడా ఓపిక కావాలి కదా.

అక్క మొగుడు అద్దాల మేస్త్రీ. పాత ఊళ్ళో సగం షాపులకి అద్దాలు బిగించింది ఆయనే. మనిషి నెమ్మది, చేతులు మరీ నెమ్మది. గాజుతో పనిచేసేవాడికి తొందర పనికిరాదు. సెలవు దొరికితే చాలు, సన్నటి గాలం కర్ర భుజాన వేసుకుని సముద్రపు ఒడ్డుకి పోయేవాడు. పడవా లేదు, వలా లేదు. వెంట్రుకకి అన్నలాంటి సన్న దారం, చిన్న గాలం, దారం చివర బరువుకి చిటికెడు సీసం. మోకాలిలోతు నీళ్ళలో నిలబడి విసిరితే దారం అలా అలా గాల్లో పోయి ఎక్కడో పడేది. "దూరంగా వెయ్యాలే, దూరంగా. చేప మన దగ్గరికొచ్చి పలకరిస్తుందా?" అనేవాడు. అక్క ఒడ్డున కూర్చుని ఎర కోసి ఇచ్చేది. తెచ్చే చేపల కంటే పోయే పూటలే ఎక్కువని సణిగేది కూడా.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది, కుడికాలు సగం పోయింది, మాట పోయింది. మాటల్లో ఒక్కటి మాత్రం మిగిలింది. "లేదు." అన్నం తింటావా అంటే లేదు. నొప్పిగా ఉందా అంటే లేదు. కళ్ళెదుట దీపం వెలుగుతున్నా లేదు. అవును అనాలన్నా ఆ నోటికి వచ్చేది అదే. కోట్లాది మాటలున్న ఈ లోకంలో దేవుడు ఏరి ఏరి ఆ ఒక్కటే వదిలాడేమిటని అక్క మొదట్లో ఏడ్చింది. తర్వాత ఏడవడానికి తీరిక దొరకలేదు.

పాత ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అందుకని అక్క తమ్ముడు ఈ ఊళ్ళో లాండ్రీ పని చూసిపెట్టి, కింది వాటాలో ఒక గది కుదిర్చాడు. గదిలో మంచం, బీరువా, పొయ్యి, ఒక కుర్చీ. కుర్చీ మేస్త్రీది. ఆయన అందులో కిటికీకి వీపు పెట్టి గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. రెండు వీధుల అవతలే సముద్రం. గాలి తిరిగితే హోరు గదిలోకి వచ్చేది. ఆయన ఉలకడు, పలకడు.

"కదలకుండా ఇలాగే కూర్చోబెడితే ఆ ఉన్న కాలు కూడా పోతుందమ్మా" అన్నాడు డాక్టరు. "బయటికి తిప్పండి. ఆయనకి కావాలనిపించాలి. అదొక్కటీ నేను మందు రాసివ్వలేను."

అక్క బతిమాలింది, తిట్టింది, చెయ్యి పట్టి లేపబోయింది. ప్రతిదానికీ లేదు. ఇక ఏం చెయ్యాలో తోచక, ఒకనాడు డ్యూటీ దిగాక బీరువా వెనక నుంచి గాలం కర్ర తీసింది. ఒక్క చేప, ఒకే ఒక్క చేప ఈ కొత్త నీళ్ళలోంచి తెచ్చి ఒళ్ళో పెడితే ఆ మనిషి తల తిప్పుతాడని ఎందుకో గట్టిగా అనిపించింది. ముందే చెప్పలేదు. తన కర్ర ఇంకొకరు పట్టారంటే ఎక్కడ చిన్నబుచ్చుకుంటాడో అని భయం.

రోజంతా దుప్పట్లు లాగిన భుజాలు. వాటితోనే గాలం విసిరింది. మొగుడు చెప్పినట్టే దూరంగా. మొదట్లో దారం తల మీదే పడి చిక్కులు పడింది. పోను పోను చెయ్యి తిరిగింది. అలలు విరిగే చోటు దాటించి, ఇంకా అవతలికి విసిరేది. చేప పడలేదు సరికదా, చేప ముక్కు కూడా ఎరకి తగల్లేదు. వేసిన ఎర వేసినట్టే తిరిగొచ్చేది. కొన్ని సాయంత్రాలు వెళ్ళేసరికి సముద్రం వెనక్కి తగ్గి నీరు బాగా లోపలికి తీసి ఉండేది. నీళ్ళే లేకపోతే చేపలెక్కడివని గట్టు మీద నుంచే చూసి, కూరలు కొనుక్కుని ఇంటికి పోయేది. ఇంటికెళ్ళగానే కర్రనీ, దారం చుట్టే రీలునీ పొడిబట్టతో శుభ్రంగా తుడిచి బీరువా వెనక పెట్టేది. బట్టల దగ్గర పనిచేసే మనిషి కదా, తుడవడం, మడవడం, సర్దడం బాగా వచ్చు.

ఒకరోజు రోలర్ దగ్గర పట్టు తప్పి దుప్పటి కొస జారిపోయింది.

"ఏంటక్కా, ఈమధ్య ఇక్కడ ఒక డ్యూటీ, ఇంకోచోట ఇంకో డ్యూటీ చేస్తున్నావా ఏంటి?" అంది రేడియో.

"చేపలు పడుతున్నాను."

"ఏవీ మరి? మాకో తోకైనా తేలేదు?"

"పడితేగా!"

రేడియో పగలబడి నవ్వింది. అక్కా నవ్వింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రోలర్ వేడికి అని రేడియో అనుకుని ఉంటుంది.

ఆ సాయంత్రం ఒడ్డున రీలు తిప్పుతుంటే కీచుమంది. ఇంటికొచ్చాక కర్ర తుడిచే ఓపిక కూడా లేదు. దాన్ని బాత్రూంలో ఆనించి, పొయ్యి మీద ఎసరు పెట్టి, గోడకి చేరగిలబడింది. మేస్త్రీ చేతికర్ర పొడుచుకుంటూ బాత్రూంలోకి వెళ్ళాడు. కాసేపటికి లోపల నుంచి బాదుతున్న చప్పుడు.

"లేదు! లేదు! లేదు!"

పడిపోయాడనుకుని అక్క పరుగెత్తింది. పడలేదు. బాత్రూం స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో గాలం కర్ర. రీలు నిండా తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. ఎడమచేత్తో దాని పిడి తిప్పితే కరకరలాడింది. ఆ ఉప్పుని వేలితో గీరి అక్క ముఖం ముందు పెట్టాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. సముద్రం నుంచి రాగానే రీలుని మంచినీళ్ళతో కడగాలి. ఆయన ఎన్నడూ ఆ పని మానలేదు. ఆకలి దంచేస్తున్నా ముందు రీలు కడిగాకే కంచం ముందు కూర్చునేవాడు. పొడిబట్టతో తుడిస్తే ఉప్పు పోదు, ఇంకా లోపలికి పోతుంది. అక్క ఇన్నాళ్ళూ చేసింది అదే.

"లేదు!" అన్నాడు మళ్ళీ, అగ్గిమీద గుగ్గిలమవుతూ.

అక్కకి అప్పటిదాకా అణచిపెట్టుకున్నదంతా ఒక్కసారిగా పొంగింది.

"అవునయ్యా, నేనే పాడుచేశాను! నా బుర్రకి కడగాలని తట్టలేదు. పొద్దున లేస్తే దుప్పట్లు, రాగానే నీ బట్టలు, మధ్యలో ఆ పాడు సముద్రం! ఎవరి కోసం అనుకున్నావు? నాకేమన్నా సరదానా? నాకు ఒళ్ళు హూనమైపోతోందయ్యా. నువ్వేమో గోడతో కాపురం చేస్తున్నావు. ఒక్క చేప తెస్తే ఇటు చూస్తావేమో అని... ఒక్కటి! ఒక్కటీ పడలేదు!"

అని అక్కడే, తడి గచ్చు మీద, గుమ్మానికి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. పొయ్యి మీద ఎసరు పొంగి మంట ఆరిపోయింది. 

మేస్త్రీ చాలాసేపు ఆమెనే చూశాడు. గోడని కాదు. తర్వాత కుళాయి సన్నగా విప్పి రీలు దాని కింద పెట్టాడు. ఒక్క చేత్తో పట్టుకుని కడగలేక ఆమె వైపు జరిపాడు. ఆమె పట్టుకుంది, ఆయన కడిగాడు. చెంచా కొసతో మరలు విప్పించి, ఒక్కొక్కటీ గిన్నెలో విప్పిన వరసలోనే పేర్పించాడు. ఆమె తొందరపడితే లేదు. సరిగ్గా చేస్తే అదే లేదు, కాస్త మెత్తగా.

నూనె వేసి మళ్ళీ బిగించాక ఆయన కిటికీ వైపు చూపించాడు. అరచేయి చాపి మెల్లగా కిందికి దించాడు. రెండు వేళ్ళతో మోకాలి మీద నడిచి చూపించాడు. అక్కకి అర్థం కాలేదు. ఆయన మళ్ళీ మొదటి నుంచి చూపించాడు. అరచేయి, కిందికి. వేళ్ళు, నడక.

"నీళ్ళు దిగాక... నడవాలా?"

"లేదు" అన్నాడు, తల మాత్రం గట్టిగా అవునన్నట్టు ఊపుతూ.

అప్పుడు గుర్తొచ్చింది. పాత ఊళ్ళో గాలం వేసే రోజు పొద్దున్నే, నీరు తీసిన వేళకి, ఆయన కర్ర లేకుండా ఒట్టి చేతులతో ఒడ్డంతా తిరిగొచ్చేవాడు. చెప్పులు కూడా వేసుకునేవాడు కాదు. కాలికి బలపం కట్టుకుని తిరగడం కాకపోతే ఏం పనయ్యా అని ఆమె దెప్పేది.

ఆ వారం సెలవు రోజున, నీరు తీసే వేళకి, ఇద్దరూ బయల్దేరారు. రోడ్డు మీద ఫర్వాలేదు. గట్టు దిగాక పొడి ఇసుకలో చేతికర్ర దిగబడిపోయింది. అక్క వెనక్కి పోయి గదిలో నేల మీద పరిచే రెండు పట్టాలు తెచ్చింది. ఒకటి పరిచి ఆయన్ని నిలబెట్టడం, రెండోది ముందు పరవడం, వెనకది లాగి మళ్ళీ ముందుకు వెయ్యడం. తడి ఇసుక దగ్గరికి చేరేసరికి ఆమెకి తల ప్రాణం తోకకొచ్చింది. తడి ఇసుక గట్టిగా ఉంది. చేతికర్ర దిగలేదు. ఆయన ఎడమకాలి చెప్పు విడిచాడు, కుడిది విడవమని ఆమెకి చూపించాడు.

గాలం కర్రా ఎరా అన్నీ మోసుకొచ్చింది అక్కే కాబట్టి స్టూలు కూడా ఆమె నెత్తినే వచ్చింది. ఆయన్ని కూర్చోబెట్టింది. ఆయన సముద్రాన్ని కాదు, నీరు తీశాక బయటపడిన నేలని చూస్తున్నాడు. ఒడ్డు వెంబడే, పది అడుగుల్లోపు, పొడవునా ఒక గాడి ఉంది. అందులో నీళ్ళు నల్లగా, లోతుగా, అలలు లేకుండా ఉన్నాయి. దాని అవతల ఇసుక దిబ్బ నీళ్ళలోంచి పైకి తేలి తెల్లగా ఎండుతోంది. ఇన్ని సాయంత్రాలూ ఆమె గాలం పడింది ఆ దిబ్బ మీద, దాని అవతల పలచటి నీళ్ళలో. పాత ఊరి ఒడ్డు మెల్లగా వాలుతుంది, అక్కడ దూరమే లోతు. ఇక్కడ లోతు కాళ్ళ దగ్గరే ఉంది. చేపలన్నీ ఈ గాడిలోనే మేస్తుంటే, ఆమె వాటి నెత్తి మీదుగా విసురుతూ వచ్చింది.

"ఓరి నాయనో" అంది అక్క.  నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎన్ని సాయంత్రాలు, ఎంత భుజం నొప్పి, అంతా దూరానికే పోయింది.

పోటు మొదలై నీళ్ళు గాడిలోకి ఎక్కడం మొదలెట్టాయి. ఆమె అలవాటుగా చెయ్యి వెనక్కి పెట్టి కర్ర ఎత్తింది. ఆయన చేతికర్రతో ఆమె మడమ మీద చిన్నగా తట్టాడు. ఆమె చెయ్యి దించి, చిన్నపిల్లకి బంతి వేసినంత నెమ్మదిగా విసిరింది. సీసం బుడుంగున మునిగింది. దారం సన్నగా వణికింది, ఆగింది, మళ్ళీ వణికి లాగింది. ఆమె తిప్పింది. రీలు చప్పుడు చెయ్యలేదు. జానెడు వెండి చేప ఒకటి తడి ఇసుక మీద పడి ఎగిరింది.

"పడిందయ్యా! చూడు! చూడవయ్యా!"

చేపని రెండు చేతులా పట్టుకుని ఆయన ఒళ్ళో పెట్టింది. ఇన్నాళ్ళుగా అనుకున్నట్టే. ఆయన దానివైపు ఒకసారి చూశాడు. తర్వాత ఆమె చేతుల్ని చూశాడు. రోలర్ వేడికి కమిలిన ఆ వేళ్ళనీ, రోజంతా నిలబడే ఆ కాళ్ళనీ. ఆయన ఆమె చేతిలోని గాలం కర్ర లాక్కుని, దాని మొదలు మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. ఏదో చెప్పబోయాడు. పెదవులు మెలితిరిగాయి. పాత మాట నోటిదాకా వచ్చినట్టుంది, దాన్ని మింగేశాడు. ఇంకోసారి ప్రయత్నించాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"కూ... కూ..."

ఆమె వంగి ఆయన నోటి దగ్గర చెవి పెట్టింది. ఆయన ఎడమచేత్తో స్టూలు పక్కన తడి ఇసుకని తట్టాడు.

"కూర్చో" అన్నాడు.