మా అత్త పంటి మీది నూకగింజ

పోయిన నెల హోసూరులో నా ల్యాబు గది ఖాళీ చేస్తుంటే, అటక మీది చెప్పుల డబ్బాలో మా మేనత్త నోరు దొరికింది. కంగారు పడకండి. నోరంటే ప్లాస్టరుతో పోసిన అచ్చు. ముప్పై ఏళ్ళు అదే నా బతుకు. డాక్టరు రోగి నోట్లోంచి అచ్చు తీసి పంపుతాడు, నేను దాంట్లో ప్లాస్టరు పోసి ఆ దవడ మీద పింగాణీ పళ్ళు కడతాను, ఆయన వాటిని తీసుకెళ్ళి అతికిస్తాడు. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది, పైగా పళ్ళు చెక్కే మిషన్లు వచ్చేశాయి, అందుకే దుకాణం కట్టేస్తున్నాను. అచ్చుకు రబ్బరు బ్యాండుతో కట్టిన చీటీ కూడా ఉంది. రబ్బరు జీడిపాకమై కాగితానికి అంటుకుపోయింది కానీ డాక్టరు రాత మాత్రం చెక్కు చెదరలేదు. ‘పక్క పళ్ళలాగే చెయ్యవలెను. గారతో సహా.’ ఆ చీటీని ఆనాడు నేను చదివాను. చదివి పక్కన పడేశాను.

గార అంటే మా పక్క వాళ్ళకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. హోసూరు పక్క అత్తిముగం దాటి మా ఊరి వైపు ఏ ఇంట్లో ఎవరు నోరు తెరిచినా అదే రంగు. మా నేలలోంచి వచ్చే నీళ్ళలో ఫ్లోరైడు జాస్తి. పాలపళ్ళు ఊడి అసలు పళ్ళు రాకముందే ఆ నీళ్ళు పంటి లోపలికి చేరి కూర్చుంటాయి. ఇక బొగ్గుతో తోమినా, పేస్టుతో తోమినా, ఇటుకపొడి పెట్టి రుద్దినా ఏమీ కాదు. కొందరికి టీ డికాక్షన్ రంగు చార, కొందరికి సుద్దముక్క లాంటి తెల్ల మచ్చ, కొందరికి రెండూ. బెంగుళూరులో పని నేర్చుకునే రోజుల్లో నా పళ్ళు చూసి తోటివాళ్ళు బీడీలు తాగుతావా అని అడిగేవాళ్ళు. తాగనంటే నమ్మేవాళ్ళు కాదు. ఆ ఉక్రోషంతోనే పని చేతికి రాగానే మొట్టమొదట నా ముందు పళ్ళకే తొడుగులు చేసుకున్నాను. జీతమంతా దానికే పోయింది. పోనీ అనుకున్నాను. గార అంటే నాకు అంత మంట.

మా నాయన నాకు తొమ్మిదేళ్ళప్పుడు పోయాడు. మూడు రోజుల జ్వరం, అంతే. ఆయన ముఖం నాకు సగం సగమే గుర్తు. కానీ నవ్వు మాత్రం బాగా తెలుసు, ఎందుకంటే ఆ నవ్వు మా మేనత్త నోట్లో ఉండేది. అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ ఒకే బావి నీళ్ళు తాగి పెరిగారు. ఇద్దరికీ ఎడమ పక్క ముందు పంటి మీద ఏటవాలుగా గోధుమరంగు చార, దాని కింద నూకగింజంత తెల్ల మచ్చ. పై పెదవి ఒక పక్కకు లేచే తీరు కూడా ఒకటేనట. ‘వాడు పోతా పోతా వాని నగు దీని నోట్లో పెట్టి పోయినాడు’ అనేది మా అవ్వ, అంటే మా నాయన తల్లి. అత్తను పక్క ఊరికే ఇచ్చారు గనక వారానికొకసారైనా వచ్చేది. వచ్చి చెంబెడు నీళ్ళు తాగి కూర్చోగానే మా అవ్వ అడిగేది, ‘ఒకతూరి నగవే’ అని. నవ్వడానికి అత్తకు పెద్ద కారణం అక్కర్లేదు. బస్సులో కండక్టరు చిల్లర లేదన్న సంగతి చెప్పుకుని నవ్వేది. ఆ నవ్వు మూడిళ్ళ అవతలికి వినపడేది. అవ్వ మాత్రం ఆ కథలేవీ వినేది కాదు. కన్నార్పకుండా కూతురి నోటి వంకే చూసి, కొంగుతో ముఖం తుడుచుకుని పొయ్యి దగ్గరికి పోయేది. ఇరవై ఏళ్ళకు పైగా ఇదే తంతు. మా ఇంట్లో ఎవరికీ అది వింతగా తోచలేదు, నాకూ తోచలేదు.

తొంభైల చివర్లో ఒక ఎండాకాలం అత్తకు బోరింగు తగిలింది. చేతి పంపును మేము బోరింగు అంటాం. దాని ఇనుప పిడి బలంగా అదిమి పట్టుకున్నప్పుడు చెయ్యి జారిందట, పిడి కింది నుంచి ఎగిరొచ్చి నోటి మీద కొట్టింది. కుడి పక్క ఒక పన్ను వేళ్ళతో సహా ఊడి బిందెలో పడింది. సంగతి తెలిసి నేను పరుగెత్తుకు పోతే, వాచిన మూతితోనే అత్త, ‘మొగుడు ఒక్కదినం చెయ్యెత్తలేదప్పా, ఆ బోరింగు ఎత్తింది చూడు’ అని నవ్వింది. నవ్వబోయి నొప్పికి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను ఉన్నాను కదా అత్తా, హోసూరుకు రా, ఎవరూ చెయ్యలేని పళ్ళు చేసిస్తాను అన్నాను. ఎవరూ చెయ్యలేనివే చేశాను, నిజమే.

డాక్టరు తమిళాయన, మా తెలుగు బాగానే మాట్లాడతాడు. పోయింది ఒక్క పన్నే గనక దానికి అటూ ఇటూ ఉన్న రెండు పళ్ళు అరగదీసి, మూడింటికీ కలిపి వంతెన వేస్తే చాలన్నాడు. బ్రిడ్జి అంటే అదే, గట్టిగా ఉన్న రెండు పళ్ళ మీద ఆధారపడి నడుమ లేని పన్ను నిలబడుతుంది. ఎడమ పక్క పళ్ళ జోలికి పోవద్దన్నాడు. నేను ఒప్పుకోలేదు. మూడు తెల్లగా, మూడు గారతో ఉంటే ఏం బాగుంటుంది, ముందు పళ్ళు ఉన్న ఐదూ అరగదీయండి, ఆరూ తెల్లగా చేస్తాను అన్నాను.

‘మంచి పంటిని ఏంటికప్పా చెడగొట్టేది?’ అన్నాడు డాక్టరు. ‘ఆయమ్మ పండ్లు ఎట్లుండాయో అట్లే చేసియ్యి. అది కదా పని తెలిసినోడు చేసేది.’

ఆయన చీటీ మీద రాసింది కూడా అదే. కానీ నేను అత్తను బయట బెంచీ మీద కూర్చోబెట్టి ఒప్పించాను. ఆమెకు ఈ సంగతులేం తెలుసు. ‘నువ్వు చదివినోడివి, నీకు తెలీదా. నీ ఇష్టమప్పా’ అంది. డాక్టరు నా ముఖం చూసి, ఆమె ముఖం చూసి, సణుక్కుంటూ మిషను అందుకున్నాడు. ఆ నూకగింజ ఉన్న పన్ను దుమ్మై నీళ్ళతోపాటు గొట్టంలోకి పోతున్నప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. లైటు సరిగా పట్టుకోమంటే పట్టుకున్నాను కూడా. ఒక్క క్షణమైనా నా బుర్రకు తట్టలేదంటే నమ్మండి.

ఆ ఆరు పళ్ళ మీద పదిరోజులు కూర్చున్నాను. లోహపు తొడుగు మీద పింగాణీ పొడిని నీళ్ళతో కలిపి కుంచెతో పొర పొరగా పేర్చి, కాగితంతో తడి అద్ది, ఫర్నేసులో పెట్టి కాల్చాలి. కాలితే కుంచించుకుపోతుంది, మళ్ళీ పేర్చాలి. రంగుల నమూనా పళ్ళు తాళపుచెవుల గుత్తిలా మా దగ్గర ఉంటాయి. అందులో అన్నిటికన్నా తెల్లది ఎంచాను. అతికించాక అత్త అద్దంలో చూసుకుంది. ‘ఇంత తెలుపా? దేవుని బొమ్మకు పెట్టినట్లుండాది’ అని మాత్రం అంది. నేను దాన్ని మెప్పు కిందే జమకట్టుకున్నాను.

ఆమెను నేనే మా ఊరికి తీసుకుపోయాను. మా అవ్వకు కంటి ఆపరేషనైన కొత్త. సూదిలో దారం తానే ఎక్కించుకునేంత చూపు వచ్చింది. అత్త కూర్చోగానే అలవాటు చొప్పున ‘ఒకతూరి నగవే’ అంది. అత్త నవ్వింది. అవ్వ చూసింది. ఇంకా కొంచెం ముందుకు వంగి చూసింది. తర్వాత నా వైపు తిరిగి, ‘మావాడు యాడ?’ అంది.

పళ్ళు బాగుచేయించామవ్వా అన్నాను. ‘బాగ లేకుండా ఏమైండె?’ అంది. కోపంగా కూడా అనలేదు, నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు నుంచి ఆమె నవ్వినప్పుడల్లా చెయ్యి దానంతటదే పైకి లేచేది. మూడిళ్ళ అవతలికి వినపడే నవ్వు వంటింటి గడప కూడా దాటకుండా పోయింది. పని తెలిసినవాడినని మిడిసిపడి, ఇంట్లో మా నాయన మిగిలి ఉన్న ఒకే ఒక్క చోటును నా చేతులతోనే అరగదీయించాను.

రెండేళ్ళు గడిచాయి. అవ్వ జారిపడి తుంటి విరిగి మంచం పట్టింది. ఒకరోజు అత్త ఒక్కతే బస్సెక్కి హోసూరు వచ్చి, ల్యాబు గుమ్మం ముందు నిలబడింది. ‘అమ్మ లేవదప్పా ఇంక. ఆ పాత పండ్లు మళ్ళ చేసియ్యి. మా అన్నను ఒకతూరి చూసి పోనీ’ అంది. చేస్తానన్నాను. తొడుగులు కోసి తీసేయవచ్చు, కొత్తవి కట్టవచ్చు, గార రంగులూ మా దగ్గర ఉన్నాయి, పింగాణీ మీద పూసి కాలిస్తే ఎన్నటికీ పోవు. అన్నీ ఉన్నాయి. ఆ మచ్చ ఎక్కడుండేదో మాత్రం తెలియదు. చార పైనుంచి మొదలయ్యేదా, నడుమ నుంచా? నూకగింజ అంచుకు ఎంత దూరం? అన్నేళ్ళు ఎదురుగా కూర్చుని చూసినవాడిని, కుంచె పట్టుకుంటే చెయ్యి ఆడలేదు. అత్తను అడిగితే, ‘నా పండ్లు నేనెప్పుడు చూసినానప్పా, చూసినోళ్ళు మీరు గదా’ అంది. అవ్వను అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

సరే, ఫోటోలు చూద్దామనుకున్నాను. ఇంట్లో ఉన్న నాలుగు ఫోటోల్లోనూ ఒక్కరి పన్నూ కనపడలేదు. అత్త పెళ్ళి ఫోటో తీసిన స్టూడియో కృష్ణగిరిలో ఉందని పోయాను. ముసలాయన నెగటివుల పెట్టె తీసి, ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి ఓపికగా వెతికి మావి బయటికి తీశాడు. మా నాయన ఉన్నాడు, చెల్లెలి వెనక చేతులు కట్టుకుని. పెదవులు బిగించుకున్నాడు. అత్తా అంతే. వాళ్ళ వెనక నిలబడ్డ చుట్టాలంతా అంతే, ఎవరి మీదో పోట్లాటకు పోతున్నవాళ్ళలాగా.

‘మీ పక్కోళ్ళు నోరు తెరవరప్పా’ అన్నాడు ఆయన. ‘కొంచెం నగండి అని మొదట్లో చెప్తా ఉంటిని. అందురూ చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. చెప్పేదే మానేసినాను.’

ఆ నెగటివును తిప్పి తిప్పి చూశాను. మా ఊళ్ళో నవ్వనివాళ్ళు లేరు, ఫోటోలో నవ్వినవాళ్ళు లేరు. ఒక్కరైనా ఆ గారను దాచుకోవాల్సిన అవసరం లేదనుకుని ఉంటే నాకు ఆ మచ్చ దొరికేది. పైగా ఆ సిగ్గును అందరికన్నా ముందు తెల్ల పింగాణీతో కప్పేసుకున్నవాణ్ణి నేనే, ఎవరిని అని ఏం లాభం?

చివరికి అందాజుగానే చేశాను. చార గీసి చెరిపి, గీసి చెరిపి, ఐదోసారి ఇదే అయివుంటుందని కాల్చాను. ఆ పని చూసి డాక్టరు నా భుజం తట్టాడు. పింగాణీ అని చెప్తే తప్ప ఎవరూ పట్టలేరన్నాడు. నా చేతిలోంచి వచ్చిన పనుల్లో అంతకన్నా మంచిది ముందూ లేదు, తర్వాతా లేదు.

అవ్వ మంచం పక్కన అత్త కూర్చుంది. ఈసారి అవ్వ అడగలేదు, అత్తే నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, పాతకాలం నవ్వు నవ్వాలని చూసింది. అవ్వ పక్కకు ఒరిగి, వేలితో ఆ పళ్ళు ఒక్కొక్కటే తడిమింది. నూకగింజ దగ్గర వేలు ఆగింది.

‘బాగుండాయి’ అంది. ‘ఎవురు చేసింది?’

‘నీ మనవడే’ అంది అత్త.

‘బాగ చేసినాడు’ అని వేలు తీసుకుని, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత ఇంకో నాలుగు నెలలు బతికింది. అత్త రోజూ వచ్చి తల దువ్వి గంజి తాగించేది. ‘ఒకతూరి నగవే’ అని మాత్రం అవ్వ మళ్ళీ అడగలేదు.

అత్త కూడా పోయి ఇప్పటికి చాలా ఏళ్ళయింది. మాలో పూడ్చిపెట్టడమే ఆచారం. చివరిదాకా ఆ పళ్ళతోనే ఉంది, ఒక్క మాట అనలేదు, అనదని తెలుసు గనకే నాకు ఎక్కువ బాధ. ఆ చెప్పుల డబ్బాలోని అచ్చును కిటికీ దగ్గర పెట్టుకుని పొద్దంతా తిప్పి చూశాను. బోరింగు తగిలాక, అరగదీయకముందు తీసింది. కుడి పక్క సందు ఉంది, ఎడమ పక్క ఆ పన్ను ఉంది, దాని అంచు మీద చిన్న గీత కూడా అచ్చంగా పడింది. రంగు మాత్రం లేదు, ప్లాస్టరులోకి రంగు రాదు. మా నాయన నవ్వినదంతా ఆ తెల్లటి ముక్క మీద ఎక్కడో ఉండాలి, ఎక్కడో నేను చెప్పలేను. చీటీ చించి పారేశాను, అచ్చును ఇంటికి తెచ్చుకున్నాను. అత్తతోపాటు పూడ్చిన ఆ పింగాణీ మట్టిలో చెడదు. అందరూ మట్టయిపోయాక కూడా నేను అందాజుగా గీసిన ఆ మచ్చ అక్కడ అట్లాగే ఉంటుంది, అసలుదాన్ని మాత్రం కాలం ఏనాడో నా కళ్ళలోంచే చెరిపేసింది.