కొత్త కళ్ల ఎదుట

నంద్యాలలో కళ్లజోళ్ల అంగడతను నా మొదటి చత్వారపు జోడు పెట్టి, చేతికి అద్దమిచ్చాడు. "చూసుకో మా, ఎట్లుందో!" చూడగానే నాకు మా అవ్వ గుర్తొచ్చి నవ్వొచ్చింది.

మా నాయన ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాడు. దేవుడికి కళ్లు తెరిపించేటప్పుడు ఎదురుగా అద్దం పట్టాలని, ఆ తొలిచూపు మహా తీక్షణమని, మనిషి మీద పడకూడదని చెప్పేవాడు. నా చిన్నప్పుడు అవ్వకు నంద్యాలలోనే కంటి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పే రోజు నాయన పోయి సరిగ్గా ఆమె ఎదుటే కూర్చున్నాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. కొత్త కళ్లంటే కొత్త కళ్లే కదా! అమ్మ సంచిలోని అద్దం లాక్కుని, మధ్యలో దూరి, అవ్వ ముఖానికి అడ్డం పట్టాను.

అవ్వ కళ్లు చికిలించి చూసింది.

"యాడిదే ఈ ముసల్ది?"

"నువ్వే అవ్వా!"

వార్డంతా నవ్వింది. అవ్వా నవ్వుతూనే అద్దం పక్కకు నెట్టి, నాయన తల మీద చెయ్యేసింది.

"ఏందిరా, రాతి దుమ్ము దులుపుకోని రాకూడదా?" అంటూ దులిపింది. పోలేదు. ఇంకా గట్టిగా దులిపింది.

"దుమ్ము గాదు మా, తల నెరిసింది," అన్నాడు నాయన.

"నాకు చెప్పకుండా ఎప్పుడు నెరిసిందిరా?"

ఇవాళ అంగట్లో, కొత్త జోడులోంచి నా చెవుల పక్కన తెల్లగా కనబడగానే, నా చెయ్యి దానంతటదే దులపడానికి లేచింది. మా ఇంట్లో రాయి చెక్కడం మానేసి చాలా ఏళ్లయింది.