పుట్ట గోడలో అద్దెకున్నవాళ్ళు

కెన్యాలో మా వెబుయె చుట్టుపక్కల ఏ పుట్టలో ఏ జాతి చెదలున్నాయో నసాంబు అవ్వకు తెలిసినంతగా మా పురుగుల పరిశోధన కేంద్రంలో ఎవరికీ తెలియదు. మేమైతే సిపాయి చెదను స్పిరిట్‌లో ముంచి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, తల కొలిచి, దవడలు చూసి, పుస్తకం తిరగేసి, టీ తాగొచ్చి మళ్ళీ చూసి అప్పుడు పేరు రాస్తాం. అవ్వ దాన్ని బొటనవేలి మీద పెట్టుకుంటుంది. అది కరుస్తుంది. "పెద్దపుట్టదిరా ఇది. చూడు, ఎట్లా కోసి పట్టుకుందో," అంటుంది. అంతే. పదకొండేళ్ళలో ఆమె ఒక్కసారి తప్పు చెప్పడం నేను చూడలేదు. ఈ మాట ముందే రాసేస్తున్నాను, తర్వాత రాయబోయేది నా నిర్వాకం కాబట్టి.

మా బుకుసు తెగవాళ్ళలో పుట్ట కూడా ఆస్తే. పొలంతో పాటు తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. వేయించుకు తినే రెక్కల చెదలు, ఉసిళ్ళు, లేచే రోజు పక్కవాడి పుట్ట మీద చెయ్యి వేస్తే కర్రలు లేస్తాయి. ఏ కన్నం ఎవరి పుట్టదో తేలకపోతే అవ్వను పిలుస్తారు. ఆమె కన్నం దగ్గర కాపలా ఉన్న సిపాయిని వేలికెక్కించుకుని, "ఇది ఖాయెంబా వాళ్ళది, మీరు పొండి," అంటే ఆ మాటకు తిరుగు ఉండేది కాదు. డెబ్బై దాటిన విధవరాలికి ఊళ్ళో ఉన్న పరువంతా ఆ బొటనవేలి మీదే ఉండేది.

ఏప్రిల్‌లో ఖాయెంబా పొలంలో పుట్ట తవ్వాం. చెదల పేగుల్లో ఏ బాక్టీరియా బతుకుతుందో చూడాలన్నది మా కేంద్రం శాస్త్రవేత్త డాక్టర్ ఓమోండి మేడమ్ పని. జాతి పేరు రాయడం, కూలి చెదల పేగులు లాగి నైరోబీకి పంపడం నా పని.

"ఒరే సిటాటీ, ఆగు. లోపల తిండికి బూజు తోట వేసుకున్నోళ్ళు ఇంటివాళ్ళు. ఈ గోడలో ఉన్నోళ్ళు అద్దెకొచ్చినోళ్ళు. పొట్టలు చూడు, నల్లగా లేవూ? మట్టి తింటారు వీళ్ళు. వేరే సీసాలో వెయ్యి," అంది అవ్వ.

"సరేలే అవ్వా, నాకు తెలీదా?"

ఉరిమింది. అవ్వ ఆవును విప్పుకురావడానికి పరుగెత్తింది. నా రెండో సీసా మూత బురదలో పడిపోయింది. వెతకడానికి బద్ధకం. రెండూ ఒకే సీసాలో పోసేశాను. పుట్టకు యజమాని ఒక్కడే అని పుట్టిన దగ్గర్నుంచీ విన్నవాణ్ణి, సీసా మీదా ఒకే పేరు రాశాను. కింద ఎప్పటిలాగే, "గుర్తించినవారు: నసాంబు" అని కూడా రాశాను.

జూలైలో నైరోబీ నుంచి ఫలితం వచ్చింది. బూజు తోట పెంచే చెదల పేగుల్లో మట్టి తినేవాటి బాక్టీరియా! మేడమ్ కొత్త సంగతి దొరికిందని పొంగిపోయి శాస్త్రవేత్తల సభలో చెప్పేశారు. వాళ్ళు అదే పుట్ట నుంచి బూజు తోట చెదల్ని మళ్ళీ తెప్పించి చూస్తే అలాంటిదేమీ లేదు. మేడమ్ తలవంపులై తిరిగొచ్చి, వరండాలో అందరి ముందూ ఆ కాగితం ఊపారు.

"ఈ జాతి పేరు చెప్పిందెవరు?"

నాకు ఆ క్షణంలోనే సీసా గుర్తొచ్చింది. అవ్వ అక్కడే బెంచీ మీద టీ తాగుతోంది. నా ఉద్యోగం పొడిగించే కాగితం ఆ వారమే మేడమ్ బల్ల మీదికి వచ్చింది.

"అవ్వే చెప్పింది మేడమ్. పెద్దదైపోయింది కదా, చూపు ఆనడం లేదేమో."

"నా చూపా?" అంది అవ్వ.

"ఇక మీదట ఈగల్ని వేయించి ఉసిళ్ళంటూ పెడతావేమో అవ్వా!" అన్నాడు వంటవాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ సాయంత్రం మిగిలిన చెదలున్న ఆ సీసా తీసి చూశాను. సగం పొట్టలు నల్లగా ఉన్నాయి. సీసాను అలమరాలో వెనక్కి నెట్టేశాను. మర్నాడు వేళకే పనిలోకి వెళ్ళాను. అవ్వను కేంద్రానికి పిలవడం మానేశారు. ఆదివారం చర్చి విడిచేసరికి మాట ఊరంతా పాకింది. ఆమె ఎదురొస్తుంటే నేను చెరుకుతోటలోకి తప్పుకునేవాణ్ణి.

నవంబర్‌లో వాన వెలిసిన ఒక మధ్యాహ్నం ఖాయెంబా కంచె పక్కన ఉసిళ్ళు లేచాయి. అతని భార్య, పక్కింటి నమాల్వా బుట్టలు పట్టుకుని కన్నం మాదంటే మాదని అరుచుకుంటున్నారు. జనం పోగయ్యారు. నేనూ ఆగాను. అప్పుడు అవ్వ వచ్చింది. ముక్కు మీద కొత్త కళ్ళజోడు, బుంగోమా సంతలో కొన్నది, ఒక పక్క దారంతో కట్టి ఉంది.

"నువ్వుండు అవ్వా, నీకేం కనబడి చస్తుంది?" అంది నమాల్వా.

అవ్వ సిపాయిని వేలికెక్కించుకుంది. అది కరిచింది. చాలాసేపు చూసింది. తర్వాత జనంలో నన్ను వెతికి పట్టుకుంది.

"సిటాటీ, చదువుకున్నోడివి, కాస్త చూసి చెప్పు నాయనా. నాకు పెద్దపుట్టదే, ఖాయెంబా వాళ్ళదే అనిపిస్తోంది. కానీ ఆ రోజు నుంచి నా వేలిని నేనే నమ్మలేకపోతున్నా."

నేను చెప్పిన అబద్ధాన్ని ఆమె నమ్మింది! ఊరు నమ్మిందని తెలుసు. ఆమె కూడా నమ్ముతుందని నాకు ఎప్పుడూ తట్టలేదు.

"పెద్దపుట్టదే అవ్వా," అన్నాను. "అప్పుడూ నువ్వు సరిగ్గానే చెప్పావు. రెండు సీసాలూ కలిపేసింది నేను. నీ మీదకి తోసింది నేను."

మర్నాడు మేడమ్‌కూ చెప్పాను, వచ్చిన ఫలితం అనుభవించాను. అది తర్వాతి సంగతి. అక్కడ మాత్రం ఎవరూ నన్ను తిట్టలేదు. నమాల్వా బుట్ట కింద పెట్టేసింది. అవ్వ మెల్లగా కళ్ళజోడు తీసింది.

"ఇది పెట్టుకుంటే అంతా మసగ్గా ఉండేదిరా," అంది. "గుడ్డితనం ఇంకా ముదిరిందనుకుని, పొయ్యి దగ్గర కూడా తీసేదాన్ని కాదు."