ఏడవకూడని కన్ను

నా చెల్లెలు ఇన్షిరాను మట్టిలో పెట్టిన రోజు దాని మొగుడు బస్యూనీ కంట ఒక్క చుక్క రాలలేదు. ఊరు ఊరంతా దుమ్మెత్తిపోసింది. చావింట్లో ఇచ్చే చక్కెర లేని కాఫీ గొంతు దిగకముందే ఆడవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. అందరికన్నా ముందు నోరు విప్పింది పక్కింటి దౌలత్.

"మా గేదె చచ్చిపోతేనే మా ఆయన రెండు పూటలు రొట్టె ముట్టలేదమ్మా! వీడేంటి, పెళ్లాం పోతే ఇలా గోడలా నిలబడ్డాడు?" అంది.

"నువ్వు పోయినరోజు మాత్రం మీ ఆయన ఇంకో రొట్టె ఎక్కువే తింటాడ్లే. నోర్మూసుకుని కాఫీ తాగు," అన్నాను.

చావింట్లో అలా అనొచ్చా అంటే, అనకూడదు. కానీ కడుపు మండింది. బస్యూనీ ఎందుకు ఏడవడం లేదో మా వీధిలో తెలియనివాళ్లు లేరు. ఆ దౌలత్ గుడ్లు కూడా అప్పుడు అతని బట్టీలోనే ఉన్నాయి.

బస్యూనీది గుడ్లు పొదిగించే బట్టీ. పెళ్లైన కొత్తలో మొగుడూ పెళ్లాం తమ చేతులతోనే కట్టుకున్నారు. మట్టిలో గడ్డి కలిపి ఇన్షిరా తొక్కింది, అతను ఇటుకలు పోసి గోపురంలా కప్పు తిప్పాడు. మధ్యలో ఇరుకు నడవ, దానికి అటూ ఇటూ అరలు. కింది అరల్లో గడ్డి మీద గుడ్లు, పైన పేడా గడ్డీ నెమ్మదిగా రగిలే గాడి. చిన్న కంతలోంచి లోపలికి పాక్కుంటూ దూరాలి. బయటికొచ్చిన పిల్లల్ని వెచ్చగా ఉంచడానికి ముందువైపు దీపం పెట్టిన చిన్న గది. వీధిలోని ఆడవాళ్లు తమ గుడ్ల మీద బొగ్గుతో ఎవరి గుర్తు వాళ్లు గీసి తెచ్చిస్తారు. ఏడాదికి సరిపడా కోళ్లు, ఇంట్లోకి గుడ్లు, పండక్కి మాంసం, అన్నీ ఆ బట్టీలోంచి రావలసినవే.

వేడి చూసేది కంటితో. గుడ్డు తీసి మూసిన కనురెప్పకు ఆనిస్తారు. హాయిగా వెచ్చగా ఉంటే సరే, చురుక్కుమంటే ఎక్కువైనట్టు, ఏమీ తెలియకపోతే తగ్గినట్టు. థర్మామీటరు కొనుక్కోవచ్చుగా అని అందరూ అడుగుతారు. కొన్నారు, గోడకు తగిలించారు. అది గోడ సంగతి చెబుతుంది. మూలనున్న గుడ్డు సంగతి దానికేం తెలుస్తుంది?

అందుకే బట్టీ ఇళ్లలో ఒక కట్టుబాటు ఉంది. జ్వరం వచ్చిన కంటికి గుడ్డు ఆనించకూడదు, ఏడ్చిన కంటికి అసలే ఆనించకూడదు. ఏడ్చిన రెప్ప కాలుతూ ఉంటుంది. దానికి మంచి వేడి మీదున్న గుడ్డు కూడా చల్లగానే తోస్తుంది. అది నమ్మి మంట పెంచితే పిల్లలు పెంకులోనే ఉడికిపోతాయి. నేనూ ఇన్షిరా అలాంటి ఇంట్లోనే పుట్టాం. చిన్నప్పుడు మేం ఏడిస్తే మా అమ్మ ఓదార్చేది కాదు. "బయటికి పోయి ఏడవండే, బట్టీ దగ్గర కాదు!" అని తరిమేది. తరవాత నన్ను పత్తి పండించే ఇంటికి ఇచ్చారు. ఇన్షిరా మాత్రం బట్టీ మనిషినే కట్టుకుంది.

గుడ్లు లోపలుండగానే ఇన్షిరాకు జ్వరం పట్టుకుంది. పడుకోవే అంటే వినలేదు. పాక్కుంటూ లోపలికి పోయి, గుడ్డు కంటికి ఆనించుకుని, "చల్లగా ఉన్నాయయ్యా, మంట పెంచు," అంది.

"గుడ్లు బానే ఉన్నాయి. నీ కన్నే చెడింది. ముందు బయటికి పో," అని కసిరాడు బస్యూనీ.

అన్నది నిజమే. కానీ అది పడుకుంది, మళ్లీ లేవలేదు. దుప్పట్లన్నీ కప్పినా "చలి, చలి" అంటూనే పోయింది. వాళ్లిద్దరి మధ్య చివరి మాట ఆ కసురే.

గుడ్లు చూడటానికి ఇంట్లో ఇంకో కన్ను లేదు. నేనా, పగలూ రాత్రీ ఏడ్చి కళ్లు ఉల్లిగడ్డల్లా చేసుకున్నాను. మిగతా బట్టీల వాళ్లకు ఎవరి పని వాళ్లకుంది. కాబట్టి బస్యూనీ పళ్ల బిగువున ఏడుపు ఆపుకున్నాడు. శవపెట్టె మోశాడు, గోతిలోకి దిగాడు, మట్టి వేశాడు, ఇంటికొచ్చి చేతులు కడుక్కుని బట్టీలోకి పాకాడు.

గుడ్లలో పిల్ల సగం పెరిగాక పైన మంట ఆర్పేస్తారు. అప్పటికి పిల్లలకు ఒంటి వేడి వస్తుంది. ఒకదాని వేడి ఇంకోదానికి సరిపోతుంది. మళ్లీ మంట ముట్టించామా, అన్నీ నాశనమే. చెల్లెల్ని పూడ్చిన మర్నాడే బస్యూనీ మంట ఆర్పాడు. ఆ తరవాతే మొదలైంది.

నేను రొట్టె, జున్ను తీసుకెళ్లి బట్టీ కంత దగ్గర పెట్టేసరికి లోపల మాటలు వినిపించాయి. "లేదే... బానే ఉన్నాయే... లేదని చెబుతుంటే!" అంటున్నాడు.

"ఎవరితో బస్యూనీ?" అన్నాను.

"నీ చెల్లెలే వదినా. చల్లగా ఉన్నాయంటోంది," అన్నాడు, ఆమె పక్క వీధికెళ్లి వచ్చినంత మామూలుగా.

రొట్టె అక్కడే వదిలేసి ఇంటికొచ్చి పడ్డాను. మర్నాడు కూడా అదే మాట. ఆ తరవాత అతని గొంతులో ఆ విసుగు పోయింది, బతిమాలుతున్నట్టు మాట్లాడటం మొదలుపెట్టాడు. "ఒక్కసారి చూసి చెబుతానుండు" అంటున్నాడు. అది మరీ భయపెట్టింది నన్ను. ఈ గుడ్లు మాడితే ఇక అతని గడప తొక్కి గుడ్డు ఇచ్చేవాళ్లుండరు. బతుకు పోతుంది. పైగా అవి నా చెల్లెలు తన చేతులతో పేర్చిన ఆఖరి గుడ్లు.

ఒక మధ్యాహ్నం దౌలత్ పరుగున వచ్చింది. "తఫీదా, మీ మరిది లోపలికి గడ్డి మోస్తున్నాడే! మంట ఆర్పాక గడ్డెందుకే? నా గుడ్లు!" అంది.

ఎలా పోయానో తెలియదు. పెళ్లై వచ్చాక బట్టీలోకి దూరడం అదే మొదటిసారి. మోకాళ్లు గీసుకుపోయాయి. లోపల వెచ్చటి చీకట్లో బస్యూనీ కూర్చుని ఉన్నాడు. పై గాడి నిండా గడ్డి, చేతిలో అగ్గిపెట్టె.

"ఇలా ఇయ్యి నాయనా," అన్నాను.

"వినిపించడం లేదా వదినా? ఇంతసేపటి నుంచీ వణికిపోతూ చెబుతోంది. ఒకసారి కాదన్నాను, పోయింది. ఇంకోసారి కాదనమంటావా?"

ఒక గుడ్డు తీసి నా కంటికి ఆనించుకున్నాను. దేవుడా! చల్లగా ఉంది. చెల్లెలు చెప్పినట్టే, నీళ్లకుండ తాకినట్టు చల్లగా ఉంది. ఒక్క క్షణం నేనూ నమ్మేశాను. ముట్టించమని నోటిదాకా వచ్చింది.

నా ముఖం చూసి, "చూశావా!" అంటూ అతను అగ్గిపుల్ల తీశాడు.

"ఆగు! నాది ఏడ్చిన కన్నురా!" అని అరిచాను. "దానిది జ్వరం కన్ను. ఈ ఇంట్లో మంచి కన్ను నీదొక్కటే. నీ కంటికి పెట్టుకుని చెప్పు. దాని మీద ఒట్టు, నిజం చెప్పు."

గుడ్డు అతని చేతిలో పెట్టాను. కనురెప్పకు ఆనించుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"బాగుంది వదినా," అన్నాడు చివరికి. "సరిగ్గా ఉండవలసినట్టే ఉంది."

"అయితే ఆ మాట దానికే చెప్పు. కసరకుండా చెప్పు."

గోడవైపు తిరిగాడు. "ఇన్షిరా, గుడ్లకు చలి లేదమ్మా. చలి నీకే. నీకే వేసింది చలి. నేనే..." అన్నాడు. ఆపుకున్నదంతా ఒక్కసారి కట్ట తెంచుకుంది. గుడ్ల మీద పడకుండా తల పక్కకు తిప్పుకుని గోడకు ఆనించి ఏడ్చాడు. నేను గడ్డంతా చేతుల్లో ఎత్తుకుని బయటికి లాగేశాను.

ఇక ఆ ఇంట్లో గుడ్డు చూసే కన్నే లేదు. ఎవరం లోపలికి పోలేదు. కంత మూసి, బయట కూర్చుని దేవుడి మీద భారం వేశాం. దౌలత్ వచ్చి మా పక్కనే చతికిలబడింది. ఏ కళనుందో, ఒక్క మాట కూడా తూలలేదు.

పిల్లలు పుట్టాయి. ముందుగది నిండా పసుప్పచ్చగా, కిచకిచలతో చెవులు చిల్లులు పడేలా. వీధంతా బుట్టలు తెచ్చుకుంది. పెంకులతోపాటే గుర్తులూ పోతాయి కదా, ఏ పిల్ల ఎవరిదో ఎవరికి తెలుస్తుంది? అయినా దౌలత్ లావుపాటి వాటినే ఏరుకుంటూ, "ఇవి నా గుడ్లవే, నా పోలికలే," అంది.

"అవునవును. పుట్టినప్పటి నుంచీ నోరు మూయలేదు," అన్నాను. చెల్లెలు పోయాక నేను నవ్వింది అప్పుడే.

బస్యూనీ మాత్రం నవ్వలేదు. అందరూ వెళ్లాక నా దగ్గరికొచ్చి, "వదినా, ఆ రోజు నుంచీ మాట్లాడటం లేదు," అన్నాడు.

"మంచిదేగా నాయనా. దానికీ విశ్రాంతి."

"మంచిదే," అన్నాడు. కానీ అతని ముఖంలో ఏం కనిపించిందో చెబితే నమ్మరు. నా చెల్లెలు రెండోసారి పోయింది అతనికి. ఈసారి తనే పంపేశాడు.

కళ్లు ఆరాక మళ్లీ గుడ్లు పెట్టాడు. నిన్న రొట్టె తీసుకుని వెళ్లాను. లోపల గడ్డిలోంచి గుడ్డు తీసిన చప్పుడు వినిపించింది. తరవాత అతని గొంతు.

"ఏమే, చల్లగా ఉన్నాయా?"

కాసేపాగి మళ్లీ అడిగాడు, మెల్లగా, పక్కన పడుకున్న మనిషిని లేపుతున్నట్టు. "చల్లగా ఉన్నాయంటావా ఇన్షిరా? పెంచమంటావా?"

మా అక్కచెల్లెళ్లిద్దరిదీ ఒకటే గొంతు. పక్కగదిలోంచి పలికితే మా అమ్మే పోల్చుకోలేకపోయేది. కంత ముందు నిలబడి, బదులు పలక్కుండా కొంగు నోట్లో కుక్కుకున్నాను. అతను మళ్లీ అడిగాడు.