దరోగా సాబ్, జంగమయ్య గుంత

మొన్న సోమవారం పొద్దున కొట్టు తాళం తీస్తుంటే రోడ్డు ఊడ్చే ఆమె చీపురు పక్కన పెట్టి, "సేటూ, మన దరోగా సాబ్ పోయిండు" అంది. ఆయన మునిసిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేశాడు. ఆ పేరు నోరు తిరగక కరీంనగర్‌లో అందరూ దరోగా సాబ్ అనే పిలిచేవాళ్లు. మా ఇళ్లు గోడకు గోడ. తీసిన తాళం మళ్లీ వేసేశాను.

ఆయన వల్ల నాకు దక్కిన బిరుదు పంచు. ఎవరిల్లయినా సోదా చేయాలంటే ఊళ్లోవాళ్లు ఇద్దరు సాక్షులుగా, అంటే పంచులుగా, ఉండాలని కానూను. వారంటు చేతికి రాగానే ఆయన కంటికి ముందు ఆనేది నా కిరాణా కొట్టే. "లే సేటూ, పంచు కావాలె" అనేవాడు. పప్పు తక్కెడలోనే ఉండిపోయేది. తిట్టుకుంటూ వెళ్లేవాణ్ణి, పిలవకపోతే అలిగేవాణ్ణి.

వారంటు జేబులో ఉన్నా గడప బయట చెప్పులు విడిచి, ఓసారి దగ్గి, మంచినీళ్లు అడిగేవాడు. "వారంటు తలుపు తెరుస్తది సేటూ, నోరు తెరిపియ్యది" అనేవాడు.

జంగమయ్య ఇంటి సోదా మాత్రం మరిచిపోలేను. జంగమ కులంవాళ్లు చనిపోయినవాళ్లను కూర్చోబెట్టి పూడుస్తారు. ఆయన భార్యను పెరట్లోనే పెట్టుకున్నారు; అప్పుడది ఊరి బయటి చేను. ఊరు పెరిగి ఆ చేనును మింగాక, ఇళ్ల మధ్య పూడ్చరాదని కానూను వచ్చింది. ఒకనాడు పక్కింటివాళ్లు ఫిర్యాదు చేశారు: పెరట్లో కొత్త గుంత తవ్వారు, ముసలాయన జాడ లేదు, కొడుకు గప్‌చుప్‌గా పూడ్చేశాడని. మెజిస్ట్రేటు వారంటు ఇచ్చాడు.

మేం వెళ్లేసరికి గుంత మీద చాప కప్పి ఉంది. పోలీసు జవాను ముక్కు మూసుకుని దాన్ని లాగాడు. లోపల జంగమయ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"ఎవలు? చాప మెల్లగ తియ్యుండ్రి, దుమ్ము పడ్తుంది."

దరోగా సాబ్ గుంత అంచున కూలబడ్డాడు. "గిదేంది అయ్యా, గీడ కూసున్నవ్?"

"సరిపోతదా లేదా చూస్కోవద్దా? మోకాళ్లు తాకుతున్నయ్. జర వెడల్పు చెయ్యమంటె కొడుకు ఇనడు."

నేను పంచునన్న సంగతి మరిచి పగలబడి నవ్వాను. దరోగా సాబ్ నవ్వలేదు. ముసలాయన ఆయన చేయి పట్టుకుని ఉన్నాడు.

"బిడ్డా, నన్ను ఆమె పక్కన పెట్టాలె. ఇంకేం అడగ."

"కానూన్ ఒప్పది అయ్యా."

"మరి ఆమె ఒక్కతె ఉండాల్నా?"

"నువ్వు ఆమె తానికి రానీకి లేదు. ఆమెనే రుద్రభూమిల నీ తానికి తీస్కపోదాం" అన్నాడు దరోగా సాబ్.

పంచనామాలో శవం దొరకలేదనీ, యజమాని చాయ పోశాడనీ రాశాడు. చాయ సంగతి ఎందుకంటే, "తాగినం గద" అన్నాడు. ఆ తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగి అనుమతి తెచ్చి, ఆమె ఎముకలను మానేరు వాగు దిక్కున్న వాళ్ల రుద్రభూమికి మార్పించాడు. పక్కన జంగమయ్యకు జాగా వదిలించి, అందులో ఇంకెవరినీ పెట్టనివ్వనని మాట ఇచ్చాడు. నౌకరీ దిగిపోయాక కూడా అప్పుడప్పుడు వెళ్లి చూసి వచ్చేవాడు. "మాటిచ్చుడు అల్కనే సేటూ, కాపల ఉండుడే కష్టం" అనేవాడు. అంత మంచి మనిషి పొరుగున బతికినందుకు నాకు గర్వంగా ఉంది.

మొన్న దరోగా సాబ్ చితి దగ్గరికి జంగమయ్య వచ్చాడు. ఆయన నిక్షేపంగా ఉన్నాడు. "నన్ను సాగనంపుతడనుకుంటె తనే ముందు పాయె" అని ఏడ్చాడు. నాకూ దుఃఖం ఆగలేదు.

కళ్లు తుడుచుకుని అడిగాడు: "ఇగ నా జాగ ఎవలు చూస్తరు?"

"నేను లేనా అయ్యా?"

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "బక్కగైనవ్ బిడ్డా. యాళ్లకు తింటున్నవా?"

ఎండ మండిపోతోంది. ఆయన తన గొడుగు విప్పి నా తల మీద పట్టాడు. తను ఎండలో నడుస్తూ, నన్ను నీడలో మా ఇంటిదాకా తెచ్చి దిగబెట్టాడు.