సోలెడు కల్లుప్పు

ఈ రోజు మా తోడల్లుడికి ఒక తప్పుడు కొలత చెప్పాను. పొరపాటున కాదు, తెలిసే చెప్పాను.

పొద్దున అద్దంకి నుంచి ఫోన్ చేశాడు. అతను మా ఆవిడ చెల్లెలి భర్త. ఏటా అత్తగారింట్లో పెట్టే పండుమిరప పచ్చడి ఈసారి అతని చేతిలో పడింది. అత్తగారికి మణికట్టు నొప్పి, రోకలి పట్టలేదు. నిరుటి దాకా ఆవిడ పక్కన కూర్చుని ఉప్పూ చింతపండూ కొలిచి ఇచ్చింది నేనే. ఇంటి మగవాళ్లలో ఆ పని నాకొక్కడికే తెలుసని లోలోపల గర్వం. ఈసారి ఆవిడ నన్ను పిలవలేదు. ఒంగోలు నుంచి రావాలంటే శ్రమ కదా అని మా ఆవిడతో అన్నదట. అతను ఆ వీధిలోనే ఉంటాడు. పైగా నన్ను ‘అల్లుడుగారూ’ అనే ఆవిడ అతన్ని ‘నాన్నా’ అంటుంది. అది విన్నప్పుడల్లా నాకు అన్నం సహించదు.

“అన్నయ్యా, కాయలు దంచబోతున్నాం. ఇన్ని కాయలకి సోలెడు ఉప్పంటోంది అత్తయ్య. ఆ ఇత్తడి సోలేమో నిరుడు వదిన తీసుకెళ్లింది, మీ ఇంట్లోనే ఉందాయె. నా దగ్గర కాటా ఉంది. సోలెడంటే ఎన్ని గ్రాములో కాస్త తూచి చెప్పవా?”

“ఉండు,” అన్నాను.

అత్తగారు సోలతో కొలిచేది కల్లుప్పు. రాళ్ల మధ్య సందులుంటాయి కాబట్టి అది తక్కువ తూగుతుంది. మెత్తటి ఉప్పు సందు లేకుండా సర్దుకుంటుంది, అదే సోలకి బాగా ఎక్కువ తూగుతుంది. ఈ తేడా నాకు చెప్పింది ఆవిడే. మా వంటింట్లో రెండు డబ్బాలూ పక్కపక్కనే ఉన్నాయి. నా చెయ్యి మెత్తటి ఉప్పు డబ్బా మీదకే పోయింది. సోల నింపి, అంచుకు సమంగా చేసి, తూచి, వచ్చిన అంకె చెప్పాను. అంత బరువు కల్లుప్పు పోస్తే పచ్చడి నోట పెట్టలేరని తెలుసు. ఏ ఉప్పని అతను అడగలేదు, నేను చెప్పలేదు. అబద్ధమేం కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

తర్వాత ఫోన్ కోసం ఎదురుచూశాను. మూడిళ్లకి ఏడాదంతా రావలసిన పచ్చడి అది. చెడితే ఆవిడ అతన్ని కసురుకోవాలని, ‘పెద్దల్లుడు ఉంటేనా’ అనాలని కోరుకున్నాను. ఇది రాస్తుంటేనే సిగ్గుగా ఉంది.

మధ్యాహ్నం కాకముందే మోగింది.

“అన్నయ్యా, కొంప మునిగింది. నాలిక మీద పెట్టలేకపోతున్నాం. నేనే సరిగ్గా తూచి ఉండను. నువ్వంత వివరంగా చెప్పినా చెడగొట్టాను.”

వెనక నుంచి అత్తగారి గొంతు వినిపించింది. “పోనీలే నాన్నా, మొదటిసారి కదా. అన్నంలో కాస్త తక్కువ కలుపుకుంటాం.”

నాకు ముందు కలిగింది పశ్చాత్తాపం కాదు, ఇంకా అసూయే. అదే తప్పు నేను చేస్తే ఆవిడ ఇంత మెత్తగా మాట్లాడేదా అనిపించింది. ఫోన్ పెట్టేశాకే అతని మాట గుచ్చుకుంది. నన్ను అనుమానించడం అతనికి తోచనే లేదు. తన చేతినే అనుమానించుకున్నాడు.

బస్సెక్కాను. ఒకసారి కలిసిన ఉప్పుని వెనక్కి తీయలేం, కాయే పెంచాలి. అద్దంకికి ముందే దిగి, కోత జరుగుతున్న ఒక చేలో సంచి నిండా పండుకాయలు కొన్నాను. ఇంట్లో సంచి దించి, ఇద్దరి ముందూ చెప్పాను.

“నీ తూకం తప్పు కాదు. నేను మెత్తటి ఉప్పు తూచి చెప్పాను. కావాలనే. నీకు బాగా కుదురుతుందేమోనని కుళ్లు.”

అత్తగారు “ఇన్నేళ్లు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది ఇందుకాండీ?” అంది.

“ఏంది అన్నయ్యా ఇది? అడిగితే ఈ పని నీకే ఇచ్చేవాణ్ణిగా, నా చేతులకి ఈ మంట తప్పేది,” అన్నాడు అతను. మాట సరదాదే, మొహంలో మాత్రం నవ్వు లేదు.

కాయలు కడిగి, గుడ్డతో తుడిచి, తడి ఆరాక తొడిమలు తీశాను. ఉప్పు కల్లు ఒక్కటి కూడా వెయ్యకుండా, చింతపండు కలిపి నేనే దంచాను. అతను దాన్ని ఉప్పెక్కువైన ముద్దలో కొద్దికొద్దిగా కలుపుతూ అత్తగారికి రుచి చూపించాడు. ఆవిడ “ఇంకాస్త” అన్నప్పుడల్లా మళ్లీ రోకలెత్తాను. చివరికి చాలంది. జాడీలకెత్తే పని అతనికి వదిలేసి, నేను రోలు కడిగాను.