మూతల మామ్మ పెట్టిన వంకలు

మా పిన్నికి లోకంలో ఎవరి వంటా నచ్చదు. పోనీ, నచ్చకపోతే మానె, నోరు మూసుకుని ఊరుకోవచ్చుగా? ఊరుకోదు. పైగా, దేవుడు ఆవిడకు సరిగ్గా ఆ గుణానికి తగిన ఉద్యోగమే చూపించాడు. చిన్నపిల్లల బడిలో, భోజనాల గదిలో, పిల్లల వేళ్ళకు లొంగని టిఫిన్ డబ్బాల మూతలు తీసిపెట్టడం. అందుకే పిల్లలంతా ఆవిడను మూతల మామ్మ అంటారు.

మూత తీసి అవతలికి పోతే ఏ గొడవా లేదు. ఈవిడ తీసి, లోపలికి తొంగిచూసి, వాసన పీల్చి, తీర్పు చెబుతుంది. సాయంత్రానికల్లా ఆ తీర్పు పొల్లుపోకుండా ఇంటింటికీ చేరుతుంది.

"మీ అమ్మతో చెప్పు, అన్నం ఆరకుండానే మూత పెట్టేసిందని. పాపం, మూతకి చెమటలు పోస్తున్నాయి."

"మీ నాన్నమ్మతో చెప్పు, క్యారెట్ తరగమన్నాం గానీ కట్టెలు కొట్టమనలేదని."

ఒక డాక్టరమ్మగారికైతే, "ఈ ఆపిల్ ముక్కలు ముందే కోసి పెట్టినట్టున్నారు, చూడమ్మా, మొహం నల్లబడిపోయింది. ఏదన్నా మందు రాయమను" అని కబురు వెళ్ళింది.

సొంతవాళ్ళమని మమ్మల్నేమైనా వదిలిందా! మా ఆవిడ తెల్లవారకముందే లేచి, ఉడికించిన గుడ్డును కుందేలులా చెక్కి, దోసకాయతో చెవులు పెట్టి, మా వాడి డబ్బాలో సర్ది పంపింది. సాయంత్రం వాడు చెప్పులైనా విప్పకుండా అందుకున్నాడు. "అమ్మా, కుందేలు ముద్దొస్తోంది గానీ, దానికి ఉప్పు వెయ్యడం మర్చిపోయావంట."

"విన్నారా మీ పిన్ని మాటలు!" అంది మా ఆవిడ. మా ఆవిడకు మామూలప్పుడు ఆవిడ 'మన పిన్ని.' వంక పెట్టిన రోజు 'మీ పిన్ని.' పెళ్ళయినప్పటి నుంచి చాలావరకు 'మీ పిన్ని'గానే ఉంది.

నేను రాయబారం వెళ్ళాను. పిన్ని మెట్ల మీద కూర్చుని బఠానీలు వలుస్తోంది.

"పిన్నీ, ఒక్క మంచి మాట అంటే నీ సొమ్మేం పోయిందే?"

"మంచి మాటంటే రేపు కూడా అదే పంపుతారురా, వెధవా! బఠానీలు వలువు."

వలిచాను. వలవడం కూడా రాదని తిట్టింది.

అయినా తల్లులు ఓర్చుకున్నారు. వాళ్ళ ఓర్పు తెగ్గొట్టింది మాత్రం ఒక్క డబ్బా. బస్సు డ్రైవరుగారి అమ్మాయిది. భార్య ఉద్యోగం వేరే ఊరికి మారడంతో ఆయన కొత్తగా గరిటె పట్టాడు. ఆయన వంటలో బంగాళాదుంప పైన మాడి ఉంటుంది, లోపల పచ్చిగా ఉంటుంది. అన్నాన్ని నేలకేసి కొడితే బంతిలా లేచినా లేస్తుంది. అలాంటి డబ్బా తెరిచి మా పిన్ని గదంతా వినబడేలా ఏమనేదంటే, "ఆహా! మీ నాన్నతో చెప్పు, ఇవాళ వంట అదిరిందని!"

రోజూ ఇదే. తల్లులు మండిపోయారు. అంతా కలిసి హెడ్మిస్ట్రెస్ గదిలోకి దండెత్తారు. పిన్నిని భోజనాల గదిలోంచి తీసేసి గేటు దగ్గర కూర్చోబెట్టాలని డిమాండు. పిన్నిని డబ్బాలకు దూరం చేస్తే చేపను ఒడ్డున పడేసినట్టే. సైన్యానికి నాయకురాలు ఎవరో వేరే చెప్పాలా? మా ఆవిడే. ఆవిడ వెనకాల నేను.

"తప్పులు చెప్పనివ్వండి మేడమ్, పడతాం. కానీ ఈ పక్షపాతమేంటండీ? ఆ డబ్బాలో గుడ్డు నా కళ్ళతో చూశాను, బొగ్గు నయం! అది అదిరిపోయిందా?"

"మీరు చెప్పండమ్మా," అంది హెడ్మిస్ట్రెస్ పిన్నితో. "ఆ వంటలో అంత గొప్పేముంది?"

పిన్ని నోరు తెరిచింది. తెరిచి, వెనక బల్ల వైపు చూసి, మళ్ళీ మూసేసింది. ఆ బల్ల మీద, ఎప్పుడొచ్చాడో ఏమో, డ్రైవరుగారు డ్యూటీ బట్టల్లోనే కూర్చుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని, జవాబు కోసం ముందుకు వంగి ఉన్నాడు.

"బాగుంది కాబట్టి బాగుందన్నాను," అంది పిన్ని. "గేటుకి పంపిస్తే పంపించండి. ఆయన వంట మాత్రం బాగుంది."

నేను నిర్ఘాంతపోయాను. నా పెళ్ళిలో వంటమేస్త్రి చేత కన్నీళ్ళు పెట్టించిన మనిషి, తిండి విషయంలో పచ్చి అబద్ధమాడుతోంది! అదీ గేటు పాలయ్యేవేళ!

"మరి ఆ గుడ్డు..." అంటూ లేచిన మా ఆవిడ చూపు కూడా వెనక బల్ల మీద పడింది. "ఆ గుడ్డు... వేరేవాళ్ళ డబ్బాలోది లెండి. నేనే పొరబడ్డాను." నాయకురాలే కూర్చుండిపోయాక సైన్యమేం చేస్తుంది? ఒక్కొక్కరే సంచులు సర్దుకున్నారు.

దారిలో మా ఆవిడ ఉండబట్టలేక అడిగింది. "అత్తయ్యా, ఆ పచ్చి దుంపలు ఆ పిల్ల ఎలా తింటోందండీ?"

"దాన్నెవరు తిననిచ్చారు? నా డబ్బా దానికిచ్చి, దాని డబ్బా నేను తింటున్నాను. ఏం చెయ్యను, బాగాలేదంటే ఆ మనిషి మర్నాటి నుంచి బన్ను కొని పంపేస్తాడు. ఆ కడుపుమంటంతా మీ మీద చూపిస్తున్నాను."

"మా మీదెందుకు?"

"మీకు వంట వచ్చుగా! రానివాణ్ణి తిడితే మానేస్తాడు. వచ్చినవాళ్ళని తిడితే రేపు ఇంకా బాగా చేసి పంపుతారు."

అది తిట్టో మెప్పో మా ఆవిడ ఇంటిదాకా తేల్చుకోలేకపోయింది.

కొన్నాళ్ళకు, బడి వదిలే వేళ, డ్రైవరుగారు రోడ్డు దాటి పరుగెత్తుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"సార్! మేడమ్! ఇవాళ మామ్మగారు మీ అందరిలాగే నాకూ వంక పెట్టారండీ! కూరలో ఉప్పు తక్కువైందట! గదంతా వినబడేలా తిట్టారట!"

"అబ్బ, అదృష్టవంతులు!" అని మా ఆవిడ ఆయన్ని మనసారా అభినందించింది.